ఎముక లేని చేయి

సోంగ్‌ఖ్లాలో రాత్రి రెండు గంటలకి
మేలుకుని ఉండేది మేమిద్దరమే అనిపిస్తుంది.
తోటలో లుంగ్ సన్యా, నుదుటికి లైటు కట్టుకుని
చెట్టు చర్మాన్ని గోరు మందాన చెక్కుతూ.
ల్యాబ్‌లో నేను,
ఒక్క అణువులోంచి ఒక్క హైడ్రోజన్‌ని
మెల్లమెల్లగా బయటికి జరుపుతూ.

కత్తి లోతు తప్పితే ఆయన చెట్టుకి పుండు.
నా మొదటి ఊహ తప్పితే
పదహారు ప్రాసెసర్లు తెల్లారేదాకా గిరగిరా తిరిగి
"లెక్క కుదరలేదు" అని
ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాయి.

పోయిన వానల్లో, పాలు గీయడానికి వీల్లేని రోజుల్లో
రబ్బరు షీటు నమూనాలు ఇచ్చిపోదామని వచ్చాడు.
గుమ్మంలో బూటు విప్పి తిరగేసి చూపించాడు.
పాదం వంగే చోట, అడ్డంగా, సన్నగా బీటలు.
"మా చెట్టు పాలే కదమ్మా ఇది,
నాకంటే ముందే ముసలిదైపోయిందే!"

గాలి తినేసింది, అన్నాను.
ఆక్సిజన్ చేరిన గొలుసు
పక్కదాని దగ్గర హైడ్రోజన్ లాక్కుంటుంది,
పోగొట్టుకున్నది ఇంకోదాని మీద పడుతుంది,
అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు,
ఇల్లంతా గుల్లయ్యేదాకా.
ఆయన నవ్వాడు. "ఇది నాకు చదువు లేకుండానే తెలుసు,
మోటారుసైకిలు వాయిదా ఇంకా ఏడు నెలలుంది."

మధ్యలో ఎవరో ఒకరు
ఇచ్చేసి ఊరుకోవాలి,
మళ్లీ ఎవరి మీదా పడకుండా.
అందుకే వందపాళ్ల రబ్బరుకి
ఒకటో రెండో పాళ్లు కలుపుతారు,
చేతికి ఎముక లేని అణువుని.

నా ఉద్యోగమల్లా ఆ చేతిని కొలవడం.
ఇవ్వడానికి అది ఎక్కాల్సిన గట్టు ఎంత ఎత్తు?
రబ్బరు తన హైడ్రోజన్ వదులుకునే గట్టుకంటే
ఇది తక్కువుంటేనే కాపలా.
మరీ తక్కువుంటే అదీ పనికిరాదు,
దొంగ రాకముందే
దారిన పోయే ఆక్సిజన్‌కి ఊరికే ధారపోస్తుంది.
పిసినారికీ దుబారాకీ మధ్య సందు చాలా ఇరుకు.
అందులో నాలుగేళ్లుగా నా కాపురం.

ఇచ్చాక చూడాలి దాన్ని.
జత పోయిన ఎలక్ట్రాన్‌ని ఒక్కచోట దాచుకోదు,
నైట్రోజన్ నుంచి వలయం మీదికి,
వలయం మీంచి అవతలి నైట్రోజన్ దాకా
పలచగా పరిచేస్తుంది,
వెదురు దండెం మీద షీటు ఆరేసినట్టు.
అంత పలచబడ్డ లోటు ఎవర్నీ కరవదు.
తెర మీద నీలం బుడగలుగా కనిపిస్తుంది.
ఆ నీలం నేను పెట్టిందే,
నిజానికి దానికి రంగు లేదు.

ఇదంతా విని లుంగ్ సన్యా
బూటు తొడుక్కుంటూ అడిగాడు:
"సరే, ఇచ్చేసింది. తర్వాత అదేమైపోతుంది?"

నా థీసిస్ పరీక్షించిన ముగ్గురూ అడగని మాట.
నా పట్టికలో వరసలు ఇచ్చేదాకానే.
టైరు అరుగుతుంది, పొడి రోడ్డు మీద పడుతుంది,
వాన దాన్ని ఖ్లోంగ్‌లోకి, ఖ్లోంగ్ సరస్సులోకి.
ఎక్కడో చలిదేశపు వాగుల్లో
వాన వెలిసిన పూట వెండి చేపలు
నోళ్లు తెరిచి గుండ్రంగా తిరిగి చచ్చిపోతున్నాయని
ఒకసారి చదివాను.
చదివి, ఆ పేజీ మూసేసి,
నా ఇరుకు సందులోకి తిరిగొచ్చాను.

ఇవాళ కొత్త ఫైలు మొదలుపెట్టాను.
అదే అణువు, దానధర్మాలన్నీ అయిపోయాక,
రెండు ఆక్సిజన్లు వీపున మోస్తూ.
అది ఎవరి తలుపు తడుతుందో,
లోపలికెళ్లి ఎవరి దగ్గర ఏం లాక్కుంటుందో
నాకింకా తెలీదు.
పేరేం పెట్టాలో తోచక "లుంగ్-ప్రశ్న" అని పెట్టాను.
వరసలో పదకొండోది,
రేపు మధ్యాహ్నానికి గానీ దాని వంతు రాదు.

కిటికీ అవతల నుదుటి లైటు ఒకటి
చెట్టు నుంచి చెట్టుకి వెళ్తోంది.
బూటు ఆయన పారేయలేదు.
పాత సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి
లోపలివైపు అంటించుకున్నాడు.